బానెట్ మీద చెయ్యి

పాత కారు చూడటానికి ఎవరింటికి వెళ్లినా ఓరెస్ట్ హలాయ్కో ముందు మనుషుల్ని పలకరించడు. చేతి తొడుగు ఊడబీకి వట్టి చేత్తో బానెట్ తాకుతాడు. పిల్లాడికి జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచుతాడు. చల్లగా తగిలితే అప్పుడు ఇంటివాళ్ల వైపు తిరిగి, టోపీ ఎత్తి, క్షేమసమాచారాలు అడుగుతాడు. వెచ్చగా తగిలిందా, టోపీ లేదు, క్షేమం లేదు, వచ్చిన దారినే పోతాడు.

చాదస్తం అనుకునేరు. మా కెనడా మానిటోబా చలిలో పాత ఇంజన్ అసలు గుణం బయటపడేది పొద్దున్నే మొదటిసారి తాళం తిప్పినప్పుడు. రాత్రంతా మంచులో పడున్న ఇంజన్ దగ్గుతుందా, మూలుగుతుందా, ఏ రంగు పొగ వదులుతుంది అన్నది అప్పుడు చూడాలి. ఒకసారి వేడెక్కిందంటే చావుకు సిద్ధంగా ఉన్న ఇంజన్ కూడా పెళ్లికొడుకులా కులుకుతుంది. అమ్మేవాళ్లకు ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. అందుకే కొనేవాళ్లు వచ్చే లోపల కారును ఓ అరగంట తిప్పి, ఆపి, ఏమీ ఎరగనట్టు నిలబడతారు. పైన పటారం, లోన లొటారం.

ఓరెస్ట్ మెకానిక్కేమీ కాదు. బుకోవ్కా ధాన్యం కొట్లో లారీలు తూకం వేసి రిటైరైన మనిషి. కానీ మా చుట్టుపక్కల ఎవరు పాత కారు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకు వెళ్లాల్సిందే. జేబులో రుమాలు చుట్టిన అయస్కాంతం ఉంటుంది. తలుపుల కింది అంచున దాన్ని ఆనిస్తాడు. రేకుంటే పట్టుకుంటుంది, పుట్టీ పెట్టి రంగు పూస్తే జారిపోతుంది. అట్టముక్క పరుచుకుని వెల్లకిలా కారు కిందికి దూరతాడు. కాళ్ల దగ్గరి పట్టా ఎత్తి వాసన చూస్తాడు. తక్కువ తిరిగిన బండి అని మీటరు చెబుతున్నా, బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి ఉంటే నవ్వుతాడు. కంకర రోడ్లమీద తిరిగే మా కార్లలో ముందు అద్దానికి పగులు లేని కారుండదు. ఎవరైనా పగుల్లేని అద్దం చూపిస్తే, "ఇంత శుభ్రమైన మొహం ఎక్కడ దొరికింది దీనికి?" అని, ఎక్కడైనా గుద్ది అద్దం మార్చారేమోనని ఆరా తీస్తాడు.

"పెళ్లికూతుర్ని చూడ్డానికి కూడా ఇంత తతంగం లేదు గీదో" అని కుర్రాళ్లు ఆటపట్టిస్తారు. గీదో అంటే మా యుక్రేనియన్ భాషలో తాత. ఊళ్లో అందరికీ ఆయన గీదోనే.

"పెళ్లికూతురు చలికి ఆగిపోతే దుప్పటి కప్పొచ్చురా. కారు ఆగిపోతే నువ్వు పోతావు" అంటాడాయన.

దీనికి ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. అందుకో కారణం ఉంది. పెళ్లైన కొత్తలో పట్నంలో ఒక కారు కొన్నాడు. చూడబోయినప్పుడు ఇంజన్ పాట పాడుతోంది, లోపల వెచ్చగా ఉంది, కుర్రతనం, ఇంకేం చూస్తాడు? ఆ జనవరిలో భార్య సోనియాకు పురిటి నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి సగం దారిలో ఆవిడకు వాంతి వస్తే కారు ఆపాడు. ఆపినవాడు ఇంజన్ కూడా ఆపాడు. అది మళ్లీ లేవలేదు. చుట్టూ తెల్లటి పొలాలు, మంచు ఎగరగొట్టే గాలి, కారులో ఊపిరి అద్దాలమీద గడ్డకడుతోంది. తన కోటు కూడా ఆవిడకే కప్పి, ఆవిడ కాళ్లు తన పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు. ఎవరో ఒకాయన అటుగా వచ్చి ఆగాడు. మాట్లాడకుండా సోనియాను ఎత్తి తన కారులో పడుకోబెట్టాడు. ఆ సీటు వెచ్చదనం ఇప్పటికీ ఓరెస్ట్ వీపుకు గుర్తే. ఆసుపత్రిలో డాక్టరు కోసం పరుగెత్తి వెనక్కి వచ్చేసరికి ఆ మనిషీ లేడు, కారూ లేదు. ఆ పూటే కూతురు పుట్టింది. చెప్పాల్సిన కృతజ్ఞత గుండెల్లో ఉండిపోయింది. అది చెప్పుకోవడానికి మనిషి దొరక్క, ఊళ్లోవాళ్ల కార్ల కింద దూరుతూ వచ్చాడు.

కిందటి చలికాలం ఉల్యానా ఆయన తలుపు తట్టింది. వెనకింటి పిల్ల. తండ్రి లేడు, తల్లి చర్చి హాల్లో బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటి పిరోహీలు ఒత్తి అమ్ముతుంది. పట్నంలో వృద్ధాశ్రమం వంటగదిలో ఉద్యోగం వచ్చింది పిల్లకి. సోమవారం తెల్లవారకముందే అక్కడుండాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. బస్సు లేదు. ఉన్న కారులో కాళ్ల కింద రేకు తుప్పుపట్టి, తొక్కితే బూటు రోడ్డుకు తగులుతోంది.

ఆ వారంలో రెండు కార్లు చూశారు. మొదటిదాని తలుపుమీద అయస్కాంతం ఒక్క క్షణం కూడా ఆగలేదు. రెండోది ఒక రైతుది. గాలి వడపోసే డబ్బా తెరిస్తే లోపల గోధుమలూ, దూదీ, ఎలకమ్మ పురిటిగదీ కనిపించాయి. ఇక మిగిలింది ఒకటే, ఫ్రోజినా బిలుక్ అనే విధవరాలి దగ్గరున్న నీలం కారు. దానికి సరిపడా డబ్బే ఉల్యానా దగ్గరుంది. శనివారం పొద్దెక్కాక వెళ్లారు.

ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. ఫ్రోజినా వరండాలో కాదు, ముంగిట్లోనే నిలబడి ఉంది. ఓరెస్ట్ నేరుగా కారు దగ్గరకు పోయి తొడుగు తీసి బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

కాలే పెనంలా ఉంది.

"పద తల్లీ" అన్నాడు ఉల్యానాతో.

"అదేంటయ్యా, లోపల కూడా చూడకుండా?" అంది ఫ్రోజినా.

"చూశానమ్మా, చెయ్యి కాలేదాకా చూశాను. వేడిచేసి వడ్డించే కార్లు మాకొద్దు. ఎవరైనా తెలివితక్కువవాడు దొరికితే వాడికి పెట్టుకో."

"వేడి చెయ్యకుండా మనుషుల్ని ఎలా ఎక్కిస్తారయ్యా?" ముసలావిడ మొహం తెల్లబోయింది. ఓరెస్ట్ ఆ మాట చెవిన వేసుకోలేదు. వేడిపాలకు మూతి కాల్చుకున్న పిల్లి గిన్నెను నమ్ముతుందా?

దారిలో ఓరెస్ట్ చిన్న లారీలో ఉల్యానా కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి అంది, "సీటుమీద దుప్పటి పరిచింది గీదో. ఫ్లాస్కు కూడా పెట్టింది. చూశావా?"

"అమ్మేవాళ్ల వేషాలు నీకు తెలీవు."

"తెలీదు. సోమవారం ఎలా వెళ్లాలో కూడా తెలీదు."

ఇంటికొచ్చాక ఓరెస్ట్, ఇంకో మోసం నుంచి పిల్లను కాపాడానని సోనియాకు వర్ణించి చెప్పాడు. ఆవిడ పొయ్యిమీద సూప్ కలుపుతూ అంతా విన్నది. దుప్పటి మాట కూడా విన్నది. గరిటె పక్కన పెట్టింది.

"ఒక మాట అడుగుతా చెప్పు. ఆ వేళ ఆ మహానుభావుడు మనల్ని తన కారెక్కమన్నప్పుడు, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశావా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"వెచ్చగా ఉన్నందుకే నేనూ నా బిడ్డా బతికాం. చలిలో మనుషులొస్తున్నారంటే ఆడది కారు వేడిచేసి పెట్టింది. మన ఊళ్లో ఎవరైనా చేసే పనే కదయ్యా అది! నీకు మాత్రం నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. వెళ్లు. తిరిగొచ్చాక సూప్ తాగుదువు గానీ."

ఓరెస్ట్‌కు ఒళ్లు మండింది. బయటికొచ్చి లారీ ఎక్కి కూర్చునే దాకా మండుతూనే ఉంది. తాళం పెడుతుంటే చెయ్యి ఆగింది. సోనియా పడుకున్న ఆ సీటు, దానిమీద పరిచిన గళ్ల దుప్పటి కళ్లముందు కనిపించాయి. ఇన్నేళ్లుగా ఆ మనిషికి దండం పెట్టుకుంటున్నానని అనుకుంటూ, అలాంటి మనిషే ఎదురైతే మొహంమీద తలుపు వేసి వచ్చాడు. సిగ్గేసింది. ఉల్యానాను పిలుచుకుని మళ్లీ బయల్దేరాడు.

ఈసారి ముంగిట్లో అడుగుపెట్టగానే టోపీ ఎత్తాడు.

"పొద్దున నోరు జారాను తల్లీ. క్షమించు."

ఫ్రోజినా వెంటనే కరగలేదు. "తెలివితక్కువవాడు ఎవరూ దొరకలేదు. నువ్వే వచ్చావు" అంది. ఉల్యానా నవ్వాపుకోలేకపోయింది. దాంతో ముసలావిడ కూడా నవ్వి ఇద్దరినీ లోపలికి పిలిచి, బీట్‌రూట్ సూప్ పోసింది.

"మా ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు. చల్లగాలి పీలిస్తే దగ్గు తెర ఆగేది కాదు. ఆసుపత్రికి వెళ్లాల్సిన ప్రతిసారీ నేను ముందే కారు తిప్పి, వెచ్చబడ్డాక ఆయన్ని ఎక్కించేదాన్ని. మనిషి పోయాడు గానీ నా చేతులకు అలవాటు పోలేదు. ఎవరో పెద్దాయన వస్తున్నాడు, నడిపి చూస్తాడు, చల్లటి సీటుమీద ఎలా కూచోబెడతాం అనుకున్నా."

ఓరెస్ట్ చెంచా కింద పెట్టేశాడు. "అయినా తల్లీ, చల్లటి ఇంజన్ స్టార్టవడం నేను చూడాలి. నీమీద అనుమానంతో కాదు. ఈ పిల్ల చీకట్లో ఒక్కతే పోవాలి" అన్నాడు.

"మరి చూడు! నేనొద్దన్నానా? పొద్దున అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని" అని ఆవిడే లేచి వెళ్లి, ఇంజన్ గడ్డకట్టకుండా రాత్రిళ్లు కరెంటు ఇచ్చే తీగ ఊడబీకి చుట్టి పెట్టేసింది. అంతేనా, ఎడమ కిటికీ దిగదని, వెనక కుడి చక్రం పైన తుప్పుందని, బ్రేకు కాస్త గట్టిగా తొక్కాలని తనే చెప్పింది. ఓరెస్ట్ అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు. ఆవిడ చెప్పని లోపం ఒక్కటీ దొరకలేదు. లేచేముందు ఆ అట్టను ఇంజన్ కిందే వదిలాడు, తెల్లారేసరికి ఆయిల్ చుక్క పడుతుందేమో చూద్దామని.

ఆదివారం పొద్దున చర్చికి ఎగనామం పెట్టి ముగ్గురూ కారు చుట్టూ నిలబడ్డారు. ఓరెస్ట్ చెయ్యి పెట్టాడు. చర్మం రేకుకు అంటుకుపోయేంత చల్లగా ఉంది. అట్టమీద మంచు తప్ప మచ్చ లేదు. ఉల్యానా సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజన్ ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. పిల్ల మొహంలో నెత్తురు లేదు. ఫ్రోజినా చేతులు జోడించి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది, దేవుణ్ణి కాదు.

"ఒక్క నిమిషం ఊపిరి తీసుకోనీ దాన్ని. ఇప్పుడు తిప్పు" అన్నాడు ఓరెస్ట్.

ఈసారి రెండు దగ్గులు దగ్గి అందుకుంది. వెనక తెల్లటి ఆవిరి లేచి, పలచబడి, ఆగిపోయింది. ఆయిల్ కాలే నీలిపొగ లేదు. ఉల్యానా స్టీరింగ్ మీద తలవాల్చి ఏడ్చేసింది.

ఓరెస్ట్ టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని ముసలావిడ ముందు నిలబడ్డాడు. "నీకు చాలా రుణపడ్డాను తల్లీ" అన్నాడు.

"కారు కొన్నది ఆ పిల్ల. నాకు నువ్వెందుకయ్యా రుణపడటం?"

"ఇంకొకాయనకు చెప్పాల్సింది. ఆయన దొరకలేదు. నువ్వు దొరికావు." ఫ్రోజినాకు ఏం అర్థమైందో గానీ, సీటుమీది దుప్పటి మడతపెట్టబోయి, మళ్లీ పరిచి, "ఇది కారుదే, తీసుకుపోండి" అంది.

సోమవారం ఇంకా చీకటి. సోనియా లేచి చూస్తే పక్కన మొగుడు లేడు. వంటింట్లో కిటికీ దగ్గర, దీపం వెయ్యకుండా, కోటు విప్పకుండా కూర్చుని ఉన్నాడు. బూట్లకు అంటిన మంచు కరిగి నేలంతా తడి.

"ఏం చేస్తున్నావక్కడ?"

"ష్. వస్తోంది."

ఉల్యానా అన్నం డబ్బా చంకన పెట్టుకుని గబగబా మెట్లు దిగింది. కారు ముందు టక్కున ఆగిపోయింది. అప్పటికే ఇంజన్ తిరుగుతోంది. అద్దంమీద మంచు గీకేసి ఉంది. మా ఊళ్లో తాళాలు కార్లలోనే ఉంటాయి, ఎవరైనా స్టార్ట్ చెయ్యొచ్చు. పిల్ల చేతి తొడుగు తీసి, బానెట్ మీద వట్టి చెయ్యి పెట్టింది. జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచింది.

తర్వాత మంచులో ఓరెస్ట్ ఇంటిదాకా పడిన అడుగుల్ని చూసింది. దీపం లేని కిటికీ వైపు తిరిగి, ఉన్ని టోపీ పైకెత్తింది.

లోపల తనెవరికీ కనబడడని తెలిసి కూడా ఓరెస్ట్ చెయ్యి తలమీదికి పోయింది. అక్కడ టోపీ లేదు. అయినా ఎత్తాడు.