ఎటు అని అడిగే పంతులమ్మ

కిందటి వేసవిలో ఓ మంగళవారం సాయంత్రం అయిదింటికి, చూపు ఆనని మా అక్క రొంపిచెర్ల అడ్డరోడ్డులో బస్సు దిగి దారి తప్పింది.

"అరగంట నుంచి నడుస్తన్నా, ఊరు రాలేదురా" అని ఫోన్‌లో ఏడ్చింది.

మేం ఆటోలో అడ్డరోడ్డు చేరాక, "రెండు కిలోమీటర్లుంటది" అని మా అల్లుడు ఊహ మీదే ఆటోను పడమటికి తిప్పాడు.

ఈ వయసులో నాకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మ కూడా ఆటోలో ఉంది; ఆమె బడిలో ఫిజిక్స్ చెబుతుంది. "పాలు రెండు లీటర్లంటే చాలు బాబాయ్, నడకకైతే దిక్కు కూడా చెప్పాల" అంటూ ఎవరినైనా "ఎటు?" అని అడిగేది. నాకది చాదస్తంగా తోచేది.

ఆమె నా చేతిలోని ఫోన్ లాక్కుంది. "అత్తా, ఎండ మొహాన కొడతందా, వీపునా?"

"వీపు మండిపోతందే!"

"తూర్పుకు తిప్పు" అంది అల్లుడితో.

రెండు కిలోమీటర్లు పోయేసరికి అక్క దారి పక్క గట్టున కూర్చుని ఉంది. "ఏందిరా ఇంతసేపు?" అని తిట్టింది. నా ప్రాణం కుదుటపడింది.

ఆ తూర్పు దారిలో ఉన్నది నలుగురం: తిట్టిన అక్క, ఆటో తోలిన అల్లుడు, అక్షరాలు దిద్దే నోట్‌బుక్ చంకన పెట్టుకున్న నేను, ఎటు అని అడిగిన పంతులమ్మ.