పేరు లేని కళింగ రాజు

నా చిన్నప్పుడు వేసవి వచ్చిందంటే మా వసారా నిండా చింతపండే. పిల్లలందరం కూర్చుని పిక్కలు తీయాలి. ఆ పని తప్పించుకోవడానికి కడుపునొప్పి నటించేవాళ్లలో నేనే మొదటివాణ్ణి. నా నొప్పి మాన్పించింది మా శ్రీకూర్మం పెద్దమ్మ, అంటే మా పెదనాన్న భార్య. కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలవడం మా వైపు అలవాటు. బడికి వెళ్లింది తక్కువే గానీ, గుడి కొలువులో ఉన్న తండ్రి దగ్గర కూర్చుని పాత సంగతులెన్నో నేర్చుకుంది.

తీసిన పిక్కలతోనే ఆవిడ మాకు చరిత్ర చెప్పేది. ఒకరోజు గచ్చు మీద వాటిని రెండు సైన్యాలుగా పేర్చింది. ఇటు అశోకుడు, అటు కళింగం. అందరూ అశోకుడి వైపు ఎగబడ్డారు. నన్ను కళింగ రాజుని చేసింది. ఓడిపోయేవాణ్ణి నేనెందుకవ్వాలని మూతి ముడుచుకున్నాను.

"మనూళ్లన్నీ కళింగమేరా. ఆ రాజువి నువ్వు కాకపోతే ఎవులవుతారు?" అంది.

సరే, రాజునయ్యాక పేరుండాలి కదా! "మరి నా పేరేటి?" అని అడిగాను.

"తెలీదు నాయినా. గెలిసినాయన రాళ్ల మీద సెక్కించుకున్నాడు. ఓడినాయన పేరు ఎవులూ రాయనేదు."

రాజ్యం పోతే పోయింది, పేరు కూడా లేదా! నాకు ఏడుపొచ్చింది. అయితే నా పేరే పెట్టేయమన్నాను. పెద్దమ్మ నవ్వలేదు. "నువ్వు పెడితే అది నీ పేరవుతాది. ఆయన్ని ఆళ్లమ్మ పిలిసిన పేరు వేరే ఉన్నాది గదా" అంటూ నా వైపు పిక్కలను ఒబ్బిడిగా ఏరి చేటలో వేసింది.

ఇప్పుడు విజయనగరంలో మా మనవరాలికి ఇంట్లో చరిత్ర చెప్పే పని నాది. మొన్న పిక్కలు పేర్చి యుద్ధమంతా చెప్పాక, ఇదంతా నీకెవరు చెప్పారని అడిగింది. శ్రీకూర్మం పెద్దమ్మ అన్నాను.

"అది ఊరు కదా తాతయ్యా. ఆవిడ పేరేటి?"

నోరు తెరిచాను గానీ పేరు రాలేదు. పెద్దమ్మకు పిల్లల్లేరు. పెదనాన్న ఆవిణ్ణి "ఇదిగో" అని తప్ప పిలవగా వినలేదు. మా పెద్దవాళ్లెవరూ మిగల్లేదు. శ్రీకూర్మంలో ఆవిడ అన్నగారి మనవడికి ఫోన్ చేశాను. "మా నాన్న అత్త అనీవోడు మావా. పేరు మాకూ తెలీదు" అన్నాడు. ఎన్ని వేసవులు ఆవిడ పక్కన కూర్చున్నాను! ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. నాకు నేర్పిన పాఠం ఆవిడకే అక్కరకు రాలేదు.

మనవరాలు నా మొహం చూసి, "పోనీ మనమే ఒక పేరు పెట్టేద్దామా?" అంది.

"వద్దమ్మా. ఆవిణ్ణి ఆళ్లమ్మ పిలిసిన పేరు వేరే ఉన్నాది" అన్నాను.

మా కోడలిది పలాస. ఇంట్లో అందరికీ పలాసమ్మాయే. ఆ సాయంత్రం మొదటిసారి పేరు పెట్టి పిలిచాను. వంటింట్లోంచి కంగారుగా వచ్చి, "ఏటి మావయ్యా, కోపమొచ్చిందేటి?" అంది.

కాదమ్మా అని చెప్పి, ఇంకోసారి పిలిచాను.