చచ మాష్టారు

పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, ఆ తరవాత పుట్టినవాడికి పరదేశి అని పేరు పెట్టడం చోడవరం వైపు ఆనవాయితీ. వీడు మావాడు కాదు, ఎవరో పరాయివాడు, వీణ్ణి తీసుకుపోయి ఏం చేసుకుంటావని మృత్యువుని మభ్యపెట్టడమన్న మాట. బుచ్చయ్యపేట దగ్గర ఒక చెరుకు రైతు ఇంట్లో అలా పుట్టి, అలా దక్కినవాడే మన పరదేశి మాష్టారు. మృత్యువు నమ్మిందో లేదో గాని, ఆయన మాత్రం ఆ పేరుని నిజంగా నమ్మేశాడు. ఇంట్లోవాళ్ల మాట తన మాట కాదని, వాళ్ల యాస తనకి అంటలేదని నిరూపించుకోవడానికి సగం వయసు ఖర్చుపెట్టాడు.

దానికంతటికీ కారణం ఒక చెట్టు. ట్రైనింగు స్కూల్లో మాదిరి పాఠం చెప్పే రోజున బోర్డు మీద సుద్దముక్కతో చక్కటి చెట్టు వేశాడు. కొమ్మలు, ఆకులు, కింద వేళ్లు అన్నీ కుదిరాయి. వెనక కూర్చున్న పెద్ద మాష్టారు బాగుందని తల కూడా ఊపాడు. అప్పుడు పరదేశి నోరు విప్పి, "పిల్లలూ, ఇది సెట్టు" అన్నాడు. గోదావరి వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు బెంచీలు చరిచి మరీ నవ్వారు. ట్రైనింగు అయ్యేదాకా ఆయన పేరు సెట్టు పరదేశే. ఎదురుపడితే చాలు, చేతులు కొమ్మల్లా చాపి నిలబడేవారు దరిద్రులు.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఎవరికీ వినబడకుండా చెరుకు తోటలోకి వెళ్లి చెట్టు, చేట, చాప, చలి అని దవడలు నొప్పెట్టేదాకా అనుకునేవాడు. కన్నతల్లి "ఒరే బాబూ, సద్దన్నం తిందువు రా" అని పిలిస్తే ముఖం ఎర్రబడేది. అలా సానపెట్టుకున్న నాలుకతో పంతొమ్మిది వందల అరవైల మధ్యలో చోడవరంలో ఒక బళ్లో మాష్టారుగా చేరాడు.

చేరాడు సరే, అక్కడి పిల్లలు ఎవరు? చెరుకు రైతుల పిల్లలు, కూలీల పిల్లలు. నోరు తెరిస్తే సెరువు, సేను, సింతకాయ. తను పారిపోయి వచ్చిన మాట నలభై గొంతులతో తన ఎదురుగానే కూర్చుంది. ఆయన తరగతిలో ఒక నియమం పెట్టాడు. ఎవరి నోట ఏ అక్షరం తప్పొచ్చినా తరగతి అంతా సరైన అక్షరాన్ని గట్టిగా అరవాలి. ఎవడో పాపం "సెరువు" అనేవాడు, వెంటనే మిగతావాళ్లంతా "చ! చ! చ!" అనేవారు. అన్నవాడు తల దించుకుని కూర్చునేవాడు. బయట రోడ్డు మీద పోయేవాళ్లకి అది ఎవరినో ఛీకొడుతున్నట్టే వినబడేది. వాళ్ల చెవుల తప్పేం లేదు. ఊళ్లో ఆయన పేరు చచ మాష్టారని స్థిరపడిపోయింది.

ఇంట్లోనూ అదే వరస. భార్య దేముడమ్మ వడ్డించి కూర్చుని, "ఏటండీ, కూర సల్లారిపోతంది" అంటే, అన్నం మానేసి "చల్లారిపోతోంది" అని దిద్దేవాడు. ఆవిడ పట్టించుకునే మనిషి కాదు. ఒకరోజు నవ్వుతూ అనేసింది కూడా. "మీరు నిద్దట్లో మాత్రం సక్కగా మనలాగే మాటాడతారండి. అప్పుడే నాకు మీరు బాగుంటారు."

ఆ మాటకి ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడంతా పెళ్లాంతో మాట్లాడలేదు.

డెబ్భై మూడో సంవత్సరం వానాకాలంలో ఒక మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. బడి పెంకులు లేచిపోయి నీళ్లు కారుతుంటే పిల్లలంతా ఒక మూలకి చేరారు. ఉరుములకి చిన్నవాళ్లు ఏడుపు మొదలెట్టారు. వాళ్లని ఎలా ఊరుకోబెట్టాలో తెలియక ఆయన తల్లి చెప్పిన కథ ఎత్తుకున్నాడు. కథతో పాటు తల్లి మాటా వచ్చేసింది.

"ఒకేడు మన బెల్లం పెనం కాడికి సందమామ వచ్చేడర్రా. కమ్మటి వాసనొస్తంది కదా, ఉండబట్టలేకపోయేడు. మెల్లిగా దిగి, ఎవులూ సూడకుండా పాకంలో మూతెట్టేసేడు. సుర్రుమంది! ఆ కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది, కావలిస్తే సూడండి."

పిల్లలు ఏడుపు మరిచిపోయారు. ఆయన చేతులు తిప్పాడు, మూతి కాలిన చందమామలా గెంతాడు. వాన వెలిసిన సంగతి కూడా ఎవరూ గమనించలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ ఆయన ఈల వేశాడని చూసినవాళ్లు చెప్పుకున్నారు. ఇల్లు చేరేసరికి మాత్రం తను ఏ భాషలో మాట్లాడాడో గుర్తొచ్చింది. 

మర్నాడు బడికి మామూలు కంటే బిగుసుకుని వచ్చాడు. ముందు వరసలో పైడితల్లి అనే పిల్ల లేచి నిలబడింది. చురుకైన పిల్ల, ప్రశ్నల పుట్ట. రాత్రంతా దాచుకున్న ప్రశ్న ఆగలేక అడిగేసింది. "మేస్టారూ, సందమామ మూతి కాలింది గదా. మరి సూరీడూ వచ్చేడా, పాకం తిండానికి?"

ఆ కళ్లలో వెలుగు ఆయనకి కనబడకపోలేదు. కాని తరగతి గదిలో, పట్టపగలు, తన నోట జారిన మాటే ఆ పిల్ల నోట వినబడేసరికి ఒళ్లు మండిపోయింది. చెయ్యి పైకెత్తాడు. తరగతికి ఆ సైగ చాలు.

"చ! చ! చ!"

పైడితల్లి కూర్చుంది. ఆ తరవాత ఆ పిల్ల తరగతిలో నోరు విప్పలేదు. అడిగితే తల ఊపేది, లేకపోతే పలక మీద రాసి చూపించేది. అల్లరి తగ్గింది, మంచిదే అనుకున్నాడు ఆ మహానుభావుడు.

నవంబరులో బాలల దినోత్సవానికి జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. స్వచ్ఛమైన తెలుగు మాట్లాడే మాష్టారు కాబట్టి, స్వాగతం చెప్పే పని హెడ్మాస్టరు రమణమూర్తి గారు పరదేశికే అప్పగించారు. ఇస్త్రీ పంచె, కొత్త కండువా. మైకు ముందు నిలబడేసరికి అధికారి పక్కవాళ్లతో మాట్లాడుతున్న తెలుగు చెవిన పడింది. అచ్చం ఆ ట్రైనింగు స్కూలు కుర్రాళ్ల తెలుగు.  ఎన్నాళ్లుగానో స కనబడితే చ అనమని నాలుకకి నేర్పాడు కదా, కంగారులో అది ఏ స ఏదో చూసుకోలేదు.

"ఈ శుభచందర్భంలో..." అన్నాడు.

చాప మీద బుద్ధిగా కూర్చున్న పిల్లలు, మాష్టారు నేర్పిన పాఠం ప్రకారం, ఒక్క గొంతుతో అరిచారు. "స! స! స!"

అదేమిటో ఆయనకి అర్థం కాలేదు. "మీ అందరికీ స్వాగతం చెప్పడం నాకెంతో చంతోషం..."

"స! స! స!"

అధికారి రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. వెనక బెంచీల్లో పెద్దవాళ్లు దాచుకోకుండానే నవ్వారు. రమణమూర్తి గారు పిల్లల్ని గదిమారు గాని, వాళ్లకి తప్పేం చేశామో తెలియలేదు. పాఠం అప్పజెప్పామనే అనుకున్నారు. పరదేశి దిక్కుతోచక పిల్లల వైపు చూస్తే, ముందు వరసలో పైడితల్లి ఒక్కతే అరవడం లేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనిండా నీళ్లతో ఆయన్నే చూస్తోంది. అధికారి నవ్వునైనా ఆయన ఎలాగో భరించేవాడు. ఆ పిల్ల జాలిని భరించలేక మైకు వదిలేసి దిగిపోయాడు.

మర్నాటి నుంచి సెలవు పెట్టి ఇంట్లో ముసుగు తన్నాడు. వీధిలోంచి ఎవరి నవ్వు వినబడినా తన గురించే అనిపించేది. దేముడమ్మ తమ్ముడు దాసు గోవాడ పంచదార ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బావ అవస్థ విని, కబురు పట్టుకొచ్చాడు. "బావా, సీజను మొదలైంది. కాటా కాడ గుమాస్తా కావాలంట. బళ్లొస్తే తూకం ఏయించడం, సీటీ రాసివ్వడం. నోరిప్పక్కర్లేదు."

నోరు విప్పనక్కర్లేదు అన్న మాట పరదేశికి అమృతంలా వినబడింది. ఆ వారమే సైకిలెక్కి గోవాడ వెళ్లాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బళ్లు బారులు తీరి ఉన్నాయి. దాసు లోపలికి వెళ్లి వస్తానంటే, పరదేశి బళ్ల నీడన నిలబడ్డాడు. పక్క బండి అవతలి నుంచి ఒక గొంతు వినబడింది.

"ఎవులూ సూడకుండా మెల్లిగా దిగేడు. దిగి, పాకంలో..."

తొంగి చూశాడు. చెరుకు మోపుల మీద నిలబడి పైడితల్లి కథ చెబుతోంది. చుట్టూ బళ్లవాళ్ల పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. చేతులు తిప్పడం, ఆగడం, కళ్లు పెద్దవి చెయ్యడం, అన్నీ ఆయనవే. గాలివాన నాడు ఒక్కసారి చూసి ఎత్తుకుపోయింది. తను ఇంత బాగా చెప్పాడా అని పరదేశికే ఆశ్చర్యం వేసింది. అంతలో పైడితల్లి ఆయన్ని చూసింది. "మూతె..." అన్న దగ్గర నోరు ఠక్కున మూతపడింది. గబగబా దిగి, తల్లి వెనక దాక్కుంది.

తల్లి అప్పలనరసమ్మ చెరుకు కొట్టే కూలి. ఆయన్ని చూసి చేతులు జోడించింది. "దండాలు మేస్టారూ. మీరైనా సెప్పండి బాబూ. ఆ మీటింగైన కాణ్ణుంచీ బడికెళ్లనంటంది. మేస్టారికే నోరు తిరగనేదు, నాకేటి తిరుగుద్దంటంది. ఇంటికాడైతే దీని నోటికి అడ్డే నేదు. బడి కాడ ఏటయిందో మీకేటైనా తెలుసా బాబూ?"

"తెలీదమ్మా" అన్నాడు పరదేశి. ఆ అబద్ధం కూడా ఎంతో స్వచ్ఛమైన తెలుగులో వచ్చింది.

దాసు కోసం ఆగకుండా సైకిలు తీసుకుని బయటపడ్డాడు. కొంత దూరం వచ్చాక సైకిలు ఆపి ఒక కల్వర్టు మీద కూర్చున్నాడు. మనిషి తనతో తను అబద్ధమాడటం కష్టమైన చోటు ఏదైనా ఉంటే, ఎండవేళ ఖాళీ రోడ్డు పక్కన కల్వర్టే. తను మాష్టారు ఎందుకయ్యాడు? చదువు చెప్పాలనా? కాదు. తను నవ్వితే నవ్వాలి గాని తనని చూసి నవ్వడానికి వీల్లేని మనుషులు పిల్లలొక్కరే కాబట్టి. ట్రైనింగు స్కూల్లో తనకి జరిగింది ఇన్నేళ్లుగా వాళ్లకి జరిపించాడు. అక్కడ నవ్విన కుర్రాళ్లు ఎప్పుడో మరిచిపోయి ఉంటారు, తను మాత్రం వాళ్ల పని జీతం తీసుకుని చేస్తున్నాడు. ఈ సంగతి తోచగానే, రోడ్డు మీద ఎవరూ లేకపోయినా, కండువా ముఖం మీదికి లాక్కున్నాడు.

మరి ఇన్నేళ్ల ఉద్యోగంలో తను సంతోషంగా ఉన్న రోజే లేదా? వెతికితే ఒకటి దొరికింది. పెంకులు కారుతున్న ఆ మధ్యాహ్నం. ఆ రోజు తను నిజంగా మాష్టారు. మర్నాడే సిగ్గుపడి, ఆ మాష్టారి పీక నులిమేశాడు, అడ్డొచ్చిన పిల్ల పీకతో సహా. కాటా దగ్గరికి పారిపోతే తను బతికిపోతాడు. ఆ పిల్ల జీవితాంతం మోపుల మీదే మిగిలిపోతుంది.

సైకిలు వెనక్కి తిప్పాడు. గేటు దగ్గర దాసు కేకలేస్తున్నాడు. "ఎక్కడికెలిపోయేవు బావా? ఆపీసులో పిలస్తన్నారు!" పరదేశి అతన్ని దాటుకుని అప్పలనరసమ్మ బండి దగ్గరికి వెళ్లాడు.  పట్టపగలు, పదిమంది బళ్లవాళ్ల ముందు, ఇన్నేళ్లకి మొదటిసారి తెలిసి తెలిసి తల్లి మాట మాట్లాడాడు.

"నాకు తెల్దని అబద్దం సెప్పేను, అప్పలనరసమ్మా. నీ గుంట పైడితల్లి నోరు కట్టేసింది నానే. ఇంకెప్పుడూ అలా సెయ్యను. బడికి పంపు."

అప్పలనరసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, మీరు మావోళ్లేటి?" అంది.

"మీవోణ్ణే" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

సోమవారం తిరిగి బడిలో చేరాడు. పిల్లలు మైకు సంగతి మరిచిపోలేదు, కిసుక్కుమన్నారు. ఆయన కాదనలేదు. పైడితల్లి వచ్చింది గాని చివరి వరసలో గోడకి అంటుకుని కూర్చుంది. పాఠం పక్కన పెట్టి, చందమామ కథ మళ్లీ మొదలెట్టాడు, వాన లేకుండానే, ఎండ కాస్తుండగానే. "మెల్లిగా దిగి, ఎవులూ సూడకుండా..." పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అరవాలా వద్దా అన్నది ఎవరికీ తెలియలేదు. కథ అయ్యాక, "ఎవరైనా ఏదైనా అడుగుతారా?" అని చివరి వరస వైపు చూశాడు.

పైడితల్లి గోడని వదిలి మెల్లిగా లేచింది. పెదవులు తడుపుకుంది. ప్రతి అక్షరాన్నీ నోట్లోనే ముందు సరిచూసుకుంటున్నట్టు ఆగి ఆగి అడిగింది.

"మాష్టారూ... మరి... చూరీడు కూడా వచ్చేడా?"

 తన సొంత తప్పు, తన నాలుక మీద పుట్టిన తప్పు, ఆ పసినోట్లో. వెనక నుంచి "స!" అని ఒక గొంతు అప్పుడే లేచింది. ఆయన గిరుక్కున తిరిగి చూసిన చూపుకి అది అక్కడే ఆగిపోయింది. వరసల మధ్య నుంచి నడిచి వెళ్లి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. ముఖం చూడ్డానికి ధైర్యం చాలలేదు.

"సూరీడా? ఆడి సంగతి మా అమ్మ నాకు సెప్పనేదమ్మా" అన్నాడు. "నువ్వే సెప్పు."

తరగతిలో ఎవరూ అరవలేదు.