టైలరక్క కారు మంత్రం

టైలరక్క రోజూ పొద్దున్నే తన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ చెవిలో మంత్రం ఊదుతుందని, అందుకే ఐదేళ్లయినా దాని బ్యాటరీకి ముసలితనం రాలేదని వీధి వీధంతా ఒట్టేసి చెబుతుంది. మెడలో కొలతల టేపు వేలాడుతుండగా ఆమె చార్జింగ్ మూత దగ్గర వంగి, ఎనభై శాతం కాగానే వైరు పీకేయడం అందరూ చూసిందే. మంచి ధరకి కారు అమ్మి, వరండాలోని కుట్టుమిషన్లని రోడ్డు మీది కొట్లోకి మార్చాలని ఆమె ఆశ. కొనడానికి హెడ్మాస్టరు వస్తున్నాడనగానే మరిది చార్జింగ్ వైరు దగ్గరికి పరిగెత్తాడు.

"వదినా, ఈ ఒక్కరోజు నిండా ఎక్కించు, నీకు దణ్ణం పెడతా!"

"ఎనభై చాలు. పక్కకి జరుగు."

హెడ్మాస్టరు అసలే అనుమానపు పక్షి. ఐదుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, కొండ రోడ్డు అరిగిపోయేలా తిప్పాడు. తిరిగొచ్చేసరికి తెర మీద ఇంకా సగం చార్జి మిగిలే ఉంది.

"అడిగినంతా ఇస్తానమ్మా, ఇంకెవరికీ చూపించకండి!" అన్నాడు గబగబా.

మరిది ఎగిరి గంతేశాడు. "చూశారా మా వదిన మంత్రం!"

టైలరక్క తాళంచెవి హెడ్మాస్టరు చేతిలో పెట్టింది.

"మంత్రం లేదు, మట్టిగడ్డా లేదు. రోజూ నిండా ఎక్కిస్తే బ్యాటరీ త్వరగా అరుగుతుంది. నేను ఎనభై దాటనివ్వలేదు, అంతే."