మెడ దగ్గర ఆగిపోయే స్వెట్టరు

చేతకాక వదిలేసిన అల్లికలకి లోకంలో కొదవ లేదు. ఒక చెయ్యి మోచేతి దాకా, ఇంకో చెయ్యి మోకాలి దాకా వచ్చిన స్వెట్టర్లు, టోపీ అని మొదలుపెడితే సంచీగా తేలినవి, వరస మధ్యలో ఫోను మోగితే లేచి వెళ్ళి, తిరిగొచ్చి వచ్చిన దారినే వెనక్కి అల్లుకుంటూ పోయినవి, పిల్లి బొచ్చూ అల్లినావిడ తలవెంట్రుకలూ ఊలుతో కలిసిపోయినవి. వీటన్నిటినీ చేరదీసి ఒక ఒడ్డుకి చేర్చే మనిషికి పూర్తమ్మ అని పేరు పడిపోయింది. అసలు పేరు వేరే ఉంది గానీ, దానితో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు.

భర్త అక్కగారికి ఊలు షాపు ఉంది. పూర్తమ్మ కూర్చునేది ఆ షాపు వెనక గదిలో. గదికి ఒకటే కిటికీ, అది తెరిస్తే పక్క బిల్డింగు గోడా, కారే గొట్టమూ కనిపిస్తాయి. మూడు గోడలకీ ఊలు ఉండల అరలు, మూలన ఇస్త్రీపెట్టె, తడిగుడ్డ మీద ఆవిరి పట్టిన ఊలు వాసన. భర్త ఒక ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగి తిరిగి, ఇంటికొచ్చాక కుర్చీలోంచి కదలడు, పెదవి విప్పడు. మంచివాడే. మంచివాళ్ళతో కబుర్లు ఉండాలని రూలేం లేదు కదా.

బతికున్నవాళ్ళ తప్పులు దిద్దడం సులువు. పోయినవాళ్ళు సగంలో వదిలేసినవే కష్టం. మనిషి పోయాక బీరువా సర్దుతుంటే ఒక సంచీ బయటపడుతుంది, అందులో సూదులతో సహా సగం స్వెట్టరు. పారెయ్యబుద్ధి కాదు, దాచుకోబుద్ధి కాదు. అది పూర్తమ్మ దగ్గరికొస్తుంది. ఆమె పెట్టే షరతు ఒక్కటే, సూదులు తియ్యకుండా తేవాలి. ఆ సూదులు ఎన్ని రకాలని! గుడ్లగూబ తలలవి, మెరుపులు చల్లినవి, చాక్లెట్టు పుల్లల్లా చారలున్నవి, మీట నొక్కితే కొస వెలిగేవి. అల్లడానికి తప్ప అన్నిటికీ పనికొస్తాయి. షాపు ముందు అద్దాలబల్లలో వదిన వాటినే పేర్చి పెడుతుంది, ఎందుకంటే అల్లడం రానివాళ్ళే వాటిని ఎగబడి కొంటారు.

మొట్టమొదట పూర్తి చేసింది అత్తగారి కంబళి. ఆవిడ పోయిన తరవాత వదిన దాన్ని చూసి ఏడవడమే తప్ప ముట్టుకోలేకపోతే, పూర్తమ్మ తీసుకుంది. ఎవరి చెయ్యి వాళ్ళదే, ఒకరిది బిగువు, ఒకరిది వదులు. అతుకు తెలియకూడదంటే అవతలివాళ్ళ చెయ్యి పట్టుబడాలి. అందుకని ఆఖరి వరస విప్పి, అదే మళ్ళీ అల్లి, ఇంకా రెండు వరసలు వేసింది. మూడో వరసకి చెయ్యి పడింది. పడింది చెయ్యి ఒక్కటే కాదు. ఆ సాయంత్రం భర్త ఇంటికి రాగానే, "ఒరేయ్, కాళ్ళు కడుక్కోకుండా లోపలికొస్తావేంరా?" అంది. ఆయన గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కంబళి ముగించి, కుట్లు ఊడకుండా మూసి సూదులు తీసేసిన రోజున ఆ చెయ్యి పోయింది, ఆ మాటా పోయింది.

తరవాత ఎందరో వచ్చారు, వెళ్ళారు. ఒకావిడ చెయ్యి పడితే వరస వరసకీ తలుపు వైపు చూడాల్సి వచ్చేది. ఒక టీచరమ్మ చేతితో కూనిరాగం వచ్చింది, ఆ పాట పూర్తమ్మ పుట్టి బుద్ధెరిగి వినలేదు. కుట్లు మూస్తే చాలు, ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. వదినతో చెప్తే, "టీ తగ్గించు, అన్నీ అవే సర్దుకుంటాయి" అంది. పూర్తమ్మ టీ తగ్గించలేదు. భయం మాత్రం మెల్లిగా అలవాటైపోయింది.

అలాంటి రోజుల్లో డ్రైవరు గారొచ్చారు. చాలా ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఖాళీగా కూర్చున్నా చేతులు రెండూ స్టీరింగు మీద ఉన్నట్టే ఒళ్ళో పెట్టుకుంటారు. సంచీలోంచి బూడిదరంగు స్వెట్టరు తీశారు. వెనక భాగం, ముందు భాగం, చేతులు అన్నీ అయిపోయాయి, అతికించడం కూడా అయింది. మెడ ఒక్కటే సూదుల మీద ఉంది. ఆ సూదుల తలలు బొమ్మలు. ఎర్రటోపీ పెట్టుకున్న చిన్న బొమ్మ మొహాలు, నిలబెడితే కళ్ళు తెరుస్తాయి, పడుకోబెడితే మూస్తాయి.

"మా ఆవిడకి నవ్వులాటకి కొనిచ్చానమ్మా, బొమ్మల కొట్లో. ఇక వేరే సూది ముట్టుకుంటే ఒట్టు" అన్నారు. "ఈ మెడ ఒక్కటీ ముగించి ఇస్తే వేసుకుంటాను. అది పోయినప్పట్నుంచీ చలి వదలడం లేదు."

"ఒక్క పూట పని బాబాయి గారూ. రేపు రండి" అంది పూర్తమ్మ.

మూడో వరసకి చెయ్యి పడింది. మెత్తని చెయ్యి, ఎక్కడా తొట్రుపాటు లేదు. ఇంత బాగా అల్లే మనిషి మెడ దగ్గర ఎందుకు ఆపిందో పూర్తమ్మకి అర్థం కాలేదు. కుట్లు మూయడం మొదలుపెట్టింది. నాలుగు మూసిందో లేదో, ఒక కుట్టు జారి సరసరా భుజం దాకా దిగిపోయింది. కొక్కెం సూదితో పైకెక్కించి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ జారింది. డ్రైవరు గారొస్తే రేపు రమ్మంది. మర్నాడూ అదే తంతు. కుట్టు జార్చడమన్నది తన చేతికి తెలియని సంగతి, ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"కళ్ళజోడు మార్చవే మరదలా! పూర్తమ్మ చేతిలో పని ఆగిపోయిందంటే షాపు పరువేం కాను?" అంది వదిన.

పూర్తమ్మ కిటికీ వెలుతురుకి జరిగి, ఊపిరి బిగబట్టి, వేళ్ళనే చూస్తూ అల్లింది. అప్పుడు కనిపించింది. ఎడమచేతి చిటికెన వేలు మెల్లిగా పైకి లేచింది. సూది కొస మీద ఉన్న కుట్టుని, నిద్రపోతున్న పిల్లని పక్కకి జరిపినంత నెమ్మదిగా, బయటికి నెట్టింది. వేలు తనదే. కదిపింది తను కాదు. సూదుల తలల మీద బొమ్మలు రెండూ కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అంతకన్నా వింత, గుండెలో ఒక బెంగ మొదలైంది, ఆ బెంగ కూడా తనది కాదు.

ఆ మధ్యాహ్నం డ్రైవరు గారు స్టూలు మీద కూర్చోగానే అడిగేసింది. "బాబాయి గారూ, పిన్నిగారు ఈ మెడ ఎందుకు ముగించలేదు?"

ఆయన నవ్వారు. "దాని చాదస్తం చెప్తే నవ్వుతావు. వాళ్ళ నాన్నకి స్వెట్టరు అల్లింది. తొడుక్కున్న వారానికే ఆయన పోయాడు. తరవాత వాళ్ళన్నకి అల్లింది. అతనూ అంతే. ఇక తను అల్లి ముగిస్తే ఆ మనిషి దక్కడని పట్టుకుంది. నాకు మొదలైతే పెట్టింది, ఏళ్ళ తరబడి మెడ దగ్గరే. ఎప్పుడడిగినా, కుట్టు జారిందండీ, మళ్ళీ విప్పాలండీ అనేది."

"మీరేమనుకున్నారు?"

"నేనా? మామగారిది గుండెజబ్బు, బావమరిదిది తాగుడు. మధ్యలో స్వెట్టరేం చేసిందమ్మా? నువ్వు కానియ్యి."

ఎలా కానిస్తుంది? కుట్టు జారుస్తున్నది ఎవరో, ఎందుకో ఆమెకిప్పుడు తెలిసింది. చచ్చిపోయినావిడ తన వేళ్ళలో కూర్చుని మొగుడి ప్రాణానికి కాపలా కాస్తోంది. వట్టి చాదస్తమే కావచ్చు. కానీ ఆ బెంగ గుండెలో మోస్తున్నవాళ్ళకి చాదస్తమని కొట్టిపారెయ్యడం వల్ల కాదు. "ఇది నా వల్ల కాదు, తీసుకెళ్ళండి" అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ముందుగదిలోంచి వదిన దగ్గింది. ఆ దగ్గుకి అర్థం షాపు పరువని పూర్తమ్మకి తెలుసు.

"పోనీ, నా ఎదురుగానే ముయ్యి. నేను చూస్తుంటే జారదేమో" అన్నారు డ్రైవరు గారు.

సరే అని మొదలుపెట్టింది. మూడు కుట్లు మూసేసరికి చిటికెన వేలు లేచింది. పక్క వేలితో అదిమి పట్టుకుంటే, అది సందు చేసుకుని మళ్ళీ లేచింది. డ్రైవరు గారి నవ్వు ఆగిపోయింది. ముందుకు వంగి ఆ వేలినే చూశారు.

"అదిగో" అన్నారు గొంతు తగ్గించి. "కుట్టు జారే ముందు అలాగే లేచేది. నేను పేపరు అడ్డం పెట్టుకుని చూస్తుండేవాణ్ణి. చూడనట్టు ఊరుకునేవాణ్ణి."

ఆయన స్టూలు దగ్గరికి జరుపుకున్నారు. తరవాత మాట్లాడింది ఆమెతో కాదు, ఆమె ఎడమచేతితో.

"ఏమే, ఇక చాల్లే. నమ్మలేదని ఈ అమ్మాయితో అబద్ధమాడాను. నమ్మబట్టే తెచ్చాను. నీ చేతులు ముగించనివ్వవు కదా, పరాయి చేతులైతే ముగిస్తాయనుకున్నా. అక్కడికీ వచ్చి కూర్చున్నావు. పొద్దున్నే రెండు గ్లాసులు దింపుతున్నా, ఒకటి మళ్ళీ అరలో పెట్టడం నా వల్ల కావడం లేదే. ఇంట్లో గోడల్ని చూసి చూసి విసుగొచ్చింది. నన్ను కాపాడి నువ్వేం బావుకుంటావు? నీ దగ్గరికి రానియ్యి."

మొగుడూ పెళ్ళాల మాటల్లో మూడో మనిషి తలదూర్చకూడదంటారు. ఆ గదిలో పూర్తమ్మకి లేచి పోదామన్నా వీల్లేకుండా పోయింది, ఎందుకంటే పెళ్ళాం ఆమె చేతిలోనే ఉంది. గొట్టంలోంచి నీళ్ళు కారడం వినిపిస్తోంది. వేలు చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది, సన్నగా వణికింది. తరవాత కిందికి దిగింది.

ఆ మీదట ఏ అడ్డూ లేదు. చేతులు వాటంతటవే కదిలాయి, కుట్టు మీద కుట్టు మూతపడుతూ మెడ చుట్టూ తిరిగొచ్చింది. ఎడమచేతి బొమ్మ సూది ఖాళీ అయింది. కుడిచేతి సూది మీద ఒక్క కుట్టు మిగిలింది. దాన్నీ సూది మీంచి తీసేసి, దారం అందులోంచి దూర్చి లాగితే ముడి పడుతుంది, అంతే. అప్పుడు పూర్తమ్మ వేళ్ళు ఒక్కసారిగా తేలికయ్యాయి. అందరూ వెళ్ళినట్టే ఆవిడా వెళ్ళిపోయింది. కాకపోతే అందరూ పని ముగిశాక వెళ్ళారు, ఈవిడ ఆ ఒక్క కుట్టూ ఈమెకి వదిలేసి వెళ్ళింది. ఒప్పుకుని వెళ్ళింది. గుండెలో బెంగ మాత్రం వెళ్ళలేదు. అది తనదేనని పూర్తమ్మకి అప్పుడు తెలిసింది.

డ్రైవరు గారు కళ్ళు మూసుకుని, తల దూర్చడానికి సిద్ధంగా మెడ ముందుకు చాచి కూర్చున్నారు. గడ్డం కింద గీయడం మరిచిపోయిన తెల్లవెంట్రుకలు ఉన్నాయి. చొక్కా బొత్తాం ఒకటి తప్పు కాజాలో పెట్టి ఉంది. ఎవరూ చెప్పేవాళ్ళు లేరు కాబోలు. పూర్తమ్మ ఇంతమంది పని ముగించింది, ఏ రోజూ ఒక్క కుట్టు వదల్లేదు. ఆఖరి కుట్టులోంచి దూర్చాల్సిన దారాన్ని దూర్చలేదు. వెనక్కి పట్టుకుని లాగింది. మూసిన కుట్లన్నీ పటపటా విడిపోయాయి. ఇంకా లాగింది. మెడంతా వరసలు వరసలుగా ఊడి ఒళ్ళో కుప్ప పడింది.

ఆయన కళ్ళు తెరిచి చూశారు. మొహం ఎర్రబడింది.

"చూశావా అమ్మా దాని మొండితనం? ఊఁ అన్నట్టే అని, ఆఖర్న ఏం చేసిందో చూడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చచ్చినా మారలేదు!"

"పిన్నిగారు అంతేనండీ" అంది పూర్తమ్మ తల ఎత్తకుండా. ఇన్నాళ్ళలో ఆమె ఆడిన పెద్ద అబద్ధం అదే.

ఆయన చేతికర్ర తీసుకుని లేచారు. తిట్టుకుంటూనే లేచారు గానీ, ఆ తిట్టడంలో ప్రాణం ఉంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. "రేపొస్తా. రేపు దానికి గట్టిగా గడ్డి పెడతా. అదో నేనో తేలిపోవాలి."

"రండి బాబాయి గారూ. కాస్త ముందుగా వస్తే టీ తాగుతూ తిట్టొచ్చు. ఆ బొత్తాం సరిగ్గా పెట్టుకోండి" అంది.

ఆయన వెళ్ళాక ఊడిన కుట్లన్నీ ఏరి బొమ్మ సూదుల మీదికి ఎక్కించింది. ఒక వరస అల్లింది, రెండు, మూడు. చెయ్యి పడలేదు. అది తన చెయ్యే, బిగువుగా, కరుకుగా. ఇంకో మూడు వరసలు వేసింది. ఎవరూ రాలేదు. గది ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదు. రేపు ఆయన స్టూలు వేసుకుని కూర్చుని ఈ వేలినే చూస్తారు.

చాలాసేపటికి వదిన షాపు మూసే వేళయిందని లోపలికి తొంగి చూసింది. పూర్తమ్మ కిటికీ దగ్గర కూర్చుని, ఎడమచేతి చిటికెన వేలు మెల్లిగా పైకెత్తి, సూది కొస మీంచి కుట్టుని నెట్టడం నేర్చుకుంటోంది.