లెక్కల టీచరుగారి వంద

లెక్కల టీచరుగారికి వందదాకా లెక్కపెట్టడం రాదు. ముప్ఫై రెండేళ్ళు పిల్లల చెవులు మెలేసి ఎక్కాలు నేర్పి రిటైరైన మనిషి, పిలాటిస్ అనే వ్యాయామం క్లాసులో చాప మీద వెల్లకిలా పడుకోగానే అన్నీ మరిచిపోతారు.

ఆ క్లాసులో అందరూ తొంభై కిలోల పైమాటే. తలా కాళ్ళూ కాస్త పైకెత్తి, చేతులు వందసార్లు ఆడించాలి. లెక్క పెట్టే పని టీచరుగారిది. అరవై దాటగానే బండి ఆగుతుంది.

"అరవై నాలుగు... ఆగండాగండి. అరవై నాలుగా, యాభై నాలుగా?"

"అరవై నాలుగేనండీ!" అంటుంది నేర్పే అమ్మాయి.

"నిన్నగాక మొన్న పుట్టావు, నీకేం తెలుసు?" అంటూ టీచరుగారు లేచి కూర్చుంటారు. ఇక పంచాయితీ. ఒకరు యాభై అంటారు, ఇంకొకరు డెబ్భై అంటారు. అది తేలేసరికి రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలే టైలరమ్మకు ప్రాణం పోసేవి. రోజంతా మిషను ముందు కూర్చునే మనిషి, నూట నాలుగు కిలోలు. అరవై దాటితే ఊపిరందదు. రక్తనాళాలు గట్టిపడ్డాయనీ, మూడు నెలల్లో దారికి రాకపోతే మాత్రలు తప్పవనీ డాక్టరమ్మ చెప్పింది. తల్లి పక్షవాతంతో మంచాన పడ్డ వయసు తనకూ దగ్గరపడుతోంది. ఆ భయంతోనే చేరింది.

ఆరు వారాలకు తగ్గింది అరకిలో. "ఈ మాత్రం దానికా ఇంత ఆయాసం!" అని విసుగెత్తి, ఇక మానేద్దామని, తన చాప తెచ్చేసుకోవడానికి ఆలస్యంగా బయల్దేరింది.

తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల టీచరుగారి గొంతు.

"తొంభై తొమ్మిది, వంద! ఇప్పుడు వెనక నుంచి. వంద, తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది..."

ఒక్క అంకె తప్పితే ఒట్టు. టైలరమ్మ కాసేపు విని, మెల్లగా తలుపు తోసింది. టీచరుగారు ఆమెను చూశారు.

"డెబ్భై మూడు, డెబ్భై రెండు... ఆగండాగండి. డెబ్భై రెండా, ముప్ఫై రెండా?"

"ఇప్పటిదాకా బాగానే ఉన్నారు కదండీ!" అని నేర్పే అమ్మాయి తల పట్టుకుంది.

టైలరమ్మకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. తెచ్చేసుకుందామనుకున్న చాపను టీచరుగారి పక్కనే పరుచుకుంది.

మూడు నెలలకు పరీక్ష చేసి, నాళాలు మెత్తబడ్డాయనీ, మాత్రలు ఇప్పుడే వద్దనీ డాక్టరమ్మ చెప్పింది. బరువంటారా, రెండు కిలోలే తగ్గింది. టైలరమ్మ ఆ కబురు ముందుగా టీచరుగారికే చెప్పి, చెవిలో అంది.

"మీకు లెక్కలు బాగానే వచ్చు కదండీ!"

"నెమ్మది! ఎవరైనా వింటే రేపటి నుంచి లెక్క ఆ పిల్లకిచ్చేస్తారు. అది ఎక్కడా ఆగదు, మనల్ని చంపేస్తుంది!"