నిమిషానికి ఎన్ని?

పియానో ముందు కూర్చున్నవాళ్ల వేళ్లు గబగబా పరిగెత్తగానే 'అబ్బ, ఏం స్పీడు' అని మెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నెమ్మదిగా వాయించేవాళ్లని ఒక్కరూ అలా మెచ్చుకోరు. నెమ్మదిగా వాయించడం ఎంత కష్టమో వాళ్లకి తెలియదు. నాకు తెలుసు. నెలల తరబడి తంటాలు పడి నేను నేర్చుకున్న ఆ నెమ్మదిని మా నాన్న దగ్గరుండి నాశనం చేశాడు.

ఎనభైల మొదట్లో నరసరావుపేట స్టేషన్ రోడ్డులో మా నాన్నకి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. రేకుల షెడ్డు, ఎనిమిది మిషన్లు, గోడకి ఒక గడియారం. పదో తరగతి పాసైనవాళ్లూ తప్పినవాళ్లూ ఉద్యోగం మీద ఆశతో పొద్దున ఆరింటి నుంచే టకటకలాడిస్తూ ఉండేవాళ్లు. ముందు లోయర్, తర్వాత హయ్యర్. లోకంలో ఏ విద్యకైనా ఈ రెండు పరీక్షలే ఉంటాయని, రెండూ స్పీడు మీదే ఆధారపడతాయని మా నాన్న గట్టి నమ్మకం.

మా చర్చిలో ఒక పియానో ఉండేది. ఎప్పుడో వెళ్లిపోయిన దొరసాని వదిలేసినది. వానాకాలంలో చెక్క ఉబ్బి, కొన్ని మెట్లు నొక్కితే మళ్లీ పైకి లేచేవి కావు. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ దాన్ని వాయించేది. వేళ్లు వంకర్లు పోతున్నాయని, తన తర్వాత ఎవరో ఒకరు ఉండాలని నాకు నేర్పడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. క్రిస్మస్ నాటికి సంఘం చేత పాడించగలిగితే ఆదివారాలు ఆ స్టూలు నీదే అంది. ఆ వయసులో నాకు అంతకంటే కావలసింది ఏదీ లేదు.

ఆవిడ నేర్పింది నిజానికి ఒక్కటే. "నీ వేళ్లు కాదమ్మా, వాళ్ల ఊపిరి చూడు. చరణం అయినాక వాళ్లు ఊపిరి తీసుకునేదాకా నువ్వు కదలమాక."

మా సంఘంలో ఆడవాళ్లు చానామంది మిరప కల్లాల్లో పనిచేసేవాళ్లు. వారమంతా ఆ ఘాటుకి దగ్గి దగ్గి వచ్చి, చాపల మీద కూర్చుని, ఒక్కో మాటనీ సాగదీసి పాడేవాళ్లు. మా నాయనమ్మ వాళ్లలో ముందు వరస. వాళ్లు ఆగినచోట ఆగి, వాళ్లు కదిలితే కదలడం నాలుగు నెలలకి నాకు పట్టుబడింది.

సరిగ్గా అప్పుడే మా నాన్న ఒక సాయంత్రం చర్చికి వచ్చి విన్నాడు.

"ఏందే ఆ నత్తనడక? నిమిషానికి ఎన్ని కొడతన్నావు?"

"పాటకి అట్టాంటి లెక్క ఉండదు నాన్నా."

"లెక్క లేకుండా వచ్చిందో రాలేదో ఎట్టా తెలుస్తదే? అదీ వేళ్ల పనే, ఇదీ వేళ్ల పనే."

మర్నాటి నుంచి టైమ్‌పీసు పట్టుకుని వచ్చేవాడు. ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తవాళ్లకి చేసినట్టే, చూడకుండా కొట్టాలని నా చేతుల మీద తువ్వాలు కప్పేవాడు. మూడు నిమిషాలు పట్టే కీర్తన రెండున్నరకి వచ్చింది, రెండుకి వచ్చింది. తగ్గినప్పుడల్లా మిక్చర్ పొట్లం కొనిపెట్టేవాడు. "పిల్ల చెయ్యి చెడిపోద్దయ్యా" అని పెద్దావిడ ఒకసారి అడ్డుపడింది. "మీ కాలం వేరమ్మా" అని నవ్వేశాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. నా మీదా తక్కువ కోపం లేదు. ఆయన పదిమందిలో నా స్పీడు గురించి గొప్పలు చెబుతుంటే వినడం కోసం సిగ్గులేకుండా పరిగెత్తాను.

క్రిస్మస్ ఆరాధనలో మొదటి చరణానికే ఆడవాళ్లు వెనకపడ్డారు. రెండో చరణానికి దగ్గులు మొదలయ్యాయి. మూడో చరణం నేనొక్కదాన్నే వాయించుకున్నాను, పాడేవాళ్లు లేరు. మగవాళ్ల వైపు కూర్చున్న మా నాన్న చేతిగడియారం చూసుకుని, బాగుందన్నట్టు తల ఊపాడు. పండగ వెళ్లగానే సంఘపెద్దలు హార్మోనియం వచ్చిన వేరే అమ్మాయిని ఆ స్టూలు మీద కూర్చోబెట్టారు.

"కుళ్లు. వాళ్లది ఒట్టి కుళ్లు" అన్నాడు మా నాన్న. తన తప్పు ఒక్కటీ ఒప్పుకోలేదు. నేను ఆయనతో మాట్లాడటం తగ్గించేశాను.

ఆ ఎండాకాలంలో మా నాయనమ్మ చనిపోయింది. కొత్తగా వాయిస్తున్న అమ్మాయి సెలవలకి ఊరెళ్లింది. పెద్దావిడ వేళ్లు బొత్తిగా వంగడం మానేశాయి. చర్చిలో ఆఖరి ఆరాధనకి నన్నే వాయించమన్నారు. నాయనమ్మ ఎప్పుడూ పాడుకునే కీర్తన ఎత్తుకున్నాను. శవప్పెట్టె పక్కన నిలబడ్డ మా నాన్న పాడటం మొదలుపెట్టాడు. ఆయన చర్చిలో నోరు విప్పి పాడటం నేనెన్నడూ వినలేదు. అచ్చం వాళ్లమ్మలాగే, ఒక్కో మాటనీ సాగదీసి, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ పాడాడు. ఒక చరణం అయ్యేసరికి నాకంటే రెండు మాటలు వెనకపడ్డాడు.

నా దగ్గరికి వచ్చి వంగి, "కొంచెం మెల్లగా వాయించమ్మా. అందుకోలేకపోతన్నా" అన్నాడు.

నేను తలెత్తలేదు. కీర్తన అయిపోయింది. పియానో ఆగిపోయాక, అంతమంది ముందు, ఆఖరి పాదం ఆయన ఒక్కడే పాడుకున్నాడు.

ఇంటికొచ్చాక చేతులు ఆగలేదని అందరికీ చెప్పాను. పాపం అలవాటైపోయింది పిల్లకి అన్నారు. మా నాన్న నా రెండు చేతులూ పట్టుకుని, "నేనే చెడగొట్టానమ్మా" అని ఏడ్చాడు. నేను కాదనలేదు. ఆ రోజు నా చేతులు ఆగగలిగేవి. ఆయన ఊపిరి ఎక్కడెక్కడ తెగిందో నాకు ప్రతిచోటా వినిపించింది. విని కూడా ముందుకు వెళ్లాను.